ముందు ముక్కుతాడు నాదే

కాలేజీ వాళ్ళు దిగిన గ్రూప్ ఫొటో కింద 'టూర్ లీడర్' అని లెక్చరర్ గారి పేరు వేశారట. వేసుకోనివ్వండి. ఆ సాయంత్రం 40 మందిని ఇసుకలో నడిపించింది నేను. వెనకున్న ఒంటెల ముక్కుతాళ్ళు ఒకదానికొకటి కట్టి ఉంటాయి. ముందున్న నా తాడు ఒక్కటే మా యజమాని చేతిలో ఉంటుంది.

నేను జైసల్మేరీ ఒంటెను. బికనేరు వాళ్ళంత బరువు మోయలేను గానీ నడకలో నాకు సాటి లేరు. జైసల్మేరుకు పడమరగా 40 కిలోమీటర్ల దూరంలో, సమ్ అనే ఊరి ఇసుక తిన్నెల మీద నా ఉద్యోగం.

డిసెంబరు వస్తే మా తిన్నెల మీద తెలుగు వినిపిస్తుంది. ఆ ఏడు హైదరాబాదు నుంచి భూగర్భశాస్త్రం పిల్లలొచ్చారు. పొద్దున్నే అకల్‌లో 18 కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు రాళ్ళైపోయిన మొద్దులు చూసి, సాయంత్రం నన్నూ అదే చూపు చూశారు. మేం లేచేటప్పుడు వెనక కాళ్ళు ముందు లేస్తాయి. ఎంతటి ధైర్యవంతుడైనా అప్పుడు 'అమ్మో' అనాల్సిందే.

ఒకమ్మాయి నా మూపురం తట్టి, "ఇందులో ఎన్ని లీటర్లు పడతాయి?" అంది. ఒక్క చుక్క కూడా పట్టదమ్మా, అదంతా కొవ్వు. దాహమేస్తే పావుగంటలో 100 లీటర్లు తాగేస్తాను. ఎండలో ఒంటి వేడిని పెరగనిచ్చి చెమటను ఆదా చేస్తాను. మీకా విద్య రాదు కదా, మరి ఇద్దరికి ఒక చిన్న సీసాతో వచ్చారేం? పైగా ఉప్పుప్పగా చిప్సు!

ప్రతి తిన్నె దగ్గరా ఆగడానికి లెక్చరర్ గారు ఒప్పుకోలేదు. "సార్‌ది ఒంటెద్దు పోకడ" అని గొణిగారు పిల్లలు. నన్నేదో అంటున్నారని చెవులు రిక్కించాను. తీరా చూస్తే ఎద్దు గొడవట.

పొద్దు వాలాక లెక్క పెడితే ఒకడు తక్కువ. ఫొటో కోసం దిగినవాడు మరో ఒంటె ఎక్కాడనుకున్నాడు జోడీ పిల్లాడు. గాలి లేచి అడుగుజాడలు పూడిపోయాయి, ఫోను కలవడం లేదు. వెతుకుతామంటూ పిల్లలు తలో దిక్కుకీ బయలుదేరబోయారు. లెక్చరర్ గారు గట్టిగా కసిరి అందర్నీ ఒకేచోట కూర్చోబెట్టారు. పేరు ఎందుకు వేశారో అప్పుడు కొంత అర్థమైంది.

మా యజమాని నా మీదెక్కి వెనక్కి తిప్పాడు. ఇసుక కొడుతుంటే ముక్కురంధ్రాలు మూసుకుని, వచ్చిన దారినే నడిచాను. ఖేజ్రీ చెట్టు మొదట్లో మోకాళ్ళు ముడుచుకుని కనిపించాడు. మా వాడు వాణ్ణి లేవదీసేలోపు నేను నాలుగు రెమ్మలు లాగేశాను.

"కదలకుండా అక్కడే ఎలా కూర్చున్నావురా?" అని తర్వాత అడిగారు లెక్చరర్ గారు.

"జమ్మి చెట్టు సార్ అది. దసరాకు ఊరంతా దీని కాడికే వస్తది గదా. ఈడుంటే ఎవరన్న వస్తరనిపించింది."

రాజస్థాన్‌కు రాష్ట్ర వృక్షమైన ఖేజ్రీయే తెలంగాణకు రాష్ట్ర వృక్షమైన జమ్మి అని నాకూ ఆ రాత్రే తెలిసింది. మీరు ఏడాదికోసారి బంగారమని పెద్దల చేతిలో పెట్టే ఆకు నాకు రోజువారీ మేత.

2014లో నన్ను ఇక్కడి రాష్ట్ర జంతువును చేశారు. పదవి వచ్చింది గానీ మంద పెరగలేదు. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 4 లక్షలున్నవాళ్ళం 2019 నాటికి రెండున్నర లక్షలకు దిగాం. తిన్నెల మీద ఇప్పుడు జీపుల మోతే ఎక్కువ.

ఈ చలికాలం వచ్చేవాళ్ళు జీపు మాట పక్కన పెట్టి నన్ను అడగండి. నీళ్ళు మాత్రం ఎవరివి వాళ్ళే తెచ్చుకోండి. నా మూపురంలో లేవు.