గ్యారంటీ ఖడ్గమృగం

ఈ ఏడాది కరపత్రంలో ఒక్క మాట కొత్తగా చేరింది. పోయినేడు ‘రైనో గ్యారంటీ’ అని ఉండేది, ఇప్పుడు ‘లైవ్ రైనో గ్యారంటీ’ అయింది. మిగతాదంతా పాతదే. మీ అపార్ట్‌మెంట్ గ్రూపులోకి కూడా ఈపాటికి మూడుసార్లు వచ్చే ఉంటుంది: శ్రావణమాసం స్పెషల్, 7 పగళ్లు 6 రాత్రులు, 32 పాయింట్లు, సరస్సుల దగ్గర్నుంచి అడవి జంతువుల దాకా నేపాల్ మొత్తం, పుష్‌బ్యాక్ సీట్లు, తెలుగు వంటవాళ్లు. ఆ ‘లైవ్’ అన్న మాట మాత్రం నా కష్టార్జితం.

పోయిన శ్రావణంలో నేనూ ఆ బస్సెక్కాను. ఎక్కాను అనడం కన్నా ఎక్కించబడ్డాను అనడం న్యాయం. మా తోడల్లుడు డబ్బు కట్టేశాకే ఫోన్ చేశాడు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు, సునౌలీలో భన్సార్ సుంకం కట్టి సరిహద్దు దాటడం. దాటగానే గడియారం పావుగంట, క్యాలెండరు యాభై ఏడేళ్లు ముందుకు జరుగుతాయి. మా మేనేజరు ఆ రెంటికీ లొంగలేదు. పొద్దున్నే ఆరింటికి తయారుగా ఉండాలన్నాడు. మన ఆరా, వాళ్ల ఆరా అని అడిగితే ‘బస్సు ఆరు’ అన్నాడు. బస్సు ఆరు రోజూ ఏడూ నలభైకి కొట్టేది.

పాయింట్లు అంటే ఏమిటో లుంబినీలో అర్థమైంది. మాయాదేవి గుడి ఒక పాయింటు, దాని పక్కనే అశోకుడి స్తంభం ఇంకో పాయింటు, ఎదురుగా ఉన్న కోనేరు మూడోది. బుద్ధుడు ఒక్కచోటే పుట్టినా మా లెక్కలో మూడుచోట్ల పడ్డాడు. పోఖరాలో ఫేవా సరస్సు ఒకటి, దాని నడుమ లంకలో ఉన్న తాల్ బారాహీ గుడి ఒకటి, ఆ గుడికి తీసుకెళ్లే పడవ మరొకటి. మెడలో లైఫ్‌జాకెట్ తగిలించడం మాత్రం ఎందుకో ఉచితంగా వదిలేశారు.

ఫేవా నీళ్లలో మచ్ఛాపుచ్ఛ్రే నీడ పడుతుంది. కరపత్రం మీద ఉన్న బొమ్మ అదే. 6,993 మీటర్ల కొండ, చేపతోకలా చీలిన కొస. 1957లో ఒక బ్రిటిష్ జట్టు కొస దరిదాపుల దాకా పోయి, అక్కడితో ఆగి దిగొచ్చింది. ఆ తర్వాత ఎవరినీ ఎక్కనివ్వడం లేదు. అటువంటి కొండని మేము నలభై నిమిషాల్లో అవగొట్టాం. శ్రావణమాసంలో హిమాలయం ఎలా ఉంటుందో తెలుసా? మబ్బులా ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి సూర్యోదయం చూపిస్తామని సారంగ్‌కోట్ ఎక్కించారు. నలభైమందిమి గొడుగుల కింద వరసగా నిలబడ్డాం. గైడు మబ్బులోకి వేలు పెట్టి ‘అదిగో అన్నపూర్ణ, ఆ పక్కన మచ్ఛాపుచ్ఛ్రే’ అన్నాడు. మా తోడల్లుడు ఆ వేలుని ఫొటో తీసుకున్నాడు. దిగేటప్పుడు ఒక టీ కొట్టు గోడకి కొండల ఫ్లెక్సీ కనిపించింది. బస్సు బస్సంతా దాని ముందు నిలబడింది. మా వదిన పెట్టిన ఆ ఫొటో కింద ‘ఎంత దగ్గరగా ఉందో!’ అని హైదరాబాద్ నుంచి ఒకావిడ ఆశ్చర్యపోయింది.

సరే, కొండకి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేదు. ఖడ్గమృగానికి ఇచ్చారు. అదే నాకు ఈనాటికీ మింగుడు పడనిది.

దాన్ని చూపిస్తామన్న చిత్వన్ 1973లో ఏర్పడ్డ నేషనల్ పార్కు, నేపాల్‌లో మొట్టమొదటిది. అంతకుముందు ఇరవై ఏళ్లలో అక్కడ మలేరియా తగ్గి, జనం దిగి, అడవి కొట్టి పొలాలు చేసుకుంటే ఖడ్గమృగాలు దాదాపు వందకి పడిపోయాయి. సైన్యాన్ని కాపలా పెట్టారు. పార్కు ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్లకి వాటా ఇచ్చారు. 2021 లెక్కకి దేశంలో 752 అయ్యాయి, అందులో 694 చిత్వన్‌లోనే. ఖడ్గమృగం ప్రాణానికి గ్యారంటీగా నిలబడ్డది ఆ సైనికులు, ఆ ఊళ్లవాళ్లు. మా మేనేజరు ఇచ్చిన గ్యారంటీ దాని హాజరుకి.

ఆ 752 లెక్కపెట్టడానికి ఏం చేశారనుకున్నారు? పనికట్టుకుని, ఏనుగులెక్కి, వారాల తరబడి గాలించారు. అది కూడా మార్చి, ఏప్రిల్‌లలో, గడ్డి కోసి, తగలబెట్టి, నేల కాస్త కనిపించే రోజుల్లో. శ్రావణంలో అక్కడి ఏనుగుగడ్డి మనిషికి మూడింతలు లేస్తుంది. ఖడ్గమృగం భుజం దగ్గర ఆరడుగులుంటే గొప్ప. అది గడ్డిలో మీకు పదడుగుల దూరంలో నిలబడి నములుతుంటే నమలడం వినిపిస్తుందేమో కాని నమిలేది కనిపించదు. అయినా మా కరపత్రం ప్రకారం ఆ 694 జీవాలూ ఉదయం ఆరున్నరకల్లా రాప్తీ నది ఒడ్డుకొచ్చి వేలిముద్ర వేసి నిలబడాలి. కాలికి మూడేసి వేళ్లున్నాయి కాబట్టి మిషనుతో ఇబ్బంది ఉండదు. మన ఆఫీసుల్లో మనుషుల చేత వేయించలేకపోతున్నాం, అది వేరే సంగతి.

గ్యారంటీ కింద చిన్నక్షరాల్లో షరతు కూడా ఉంది. ఖడ్గమృగం కనిపించకపోతే మర్నాడు పొద్దున మరో సఫారీ ఉచితం. ఆ మర్నాడు పొద్దున్నే బస్సు సునౌలీకి బయల్దేరుతుందని వెనక పేజీలో ఉంది. ముందు పేజీ ఒకరు, వెనక పేజీ ఇంకొకరు రాసి ఉంటారనుకున్నాను. కాదు, ఒక్కడే రాశాడు. అతను మంచి చదువరి అయ్యుండాలి. మనం వెనక పేజీ చదవమని అతనికి తెలుసు.

కాఠ్మాండూ నుంచి ఆ ఖడ్గమృగం దగ్గరికి బయల్దేరిన రోజు పశుపతినాథుడి దగ్గర రెండోసారి దర్శనం కావాలని కొందరు పట్టుబడితే బస్సు పదకొండింటికి కదిలింది. కురింతార్‌లో మనకామన అమ్మవారి గుడికి తీగల బండి ఎక్కాం. అక్కడ టికెట్ల పట్టికలో మనుషులకి రానూపోనూ ఉంది. మేకలకి పోవడానికి మాత్రమే. అందరం నవ్వుకున్నాం. దిగేసరికి సాయంత్రం. ఇంకాస్త ముందుకెళ్తే ముగ్లింగ్. వేడివేడి దాల్ భాత్ పెట్టే హోటళ్లు అక్కడ వరసగా ఉంటాయి. అన్నం, పప్పు, కూర, అడిగినంత వడ్డిస్తారు. మన అన్నం పప్పే. కాని అది ‘తెలుగు భోజనం’ కాదట. రోడ్డు పక్కన తార్పాలిన్ కట్టి, వానలో సిలిండర్ దింపి, సాంబారు కాచారు. రెండున్నర గంటలు. అప్పడాలు మెత్తబడ్డాయని ఒకాయన వంటవాడి మీద కేకలేశాడు.

ముగ్లింగ్ దాటేసరికి రాత్రి తొమ్మిదిన్నర. అక్కణ్ణుంచి నారాయణ్‌ఘాట్ 36 కిలోమీటర్లు. ఒక పక్క కొండ, ఇంకో పక్క త్రిశూలి నది. ఆ రోడ్డు మీదే, 2024 జులై 12 తెల్లవారుజామున, సిమల్‌తాల్ దగ్గర కొండ జారి రెండు బస్సుల్ని నదిలోకి తోసేసింది. అరవైమందికి పైగా ఉన్నారు వాటిలో. ఈదుకుని బయటపడింది ముగ్గురు. ఆ బస్సుల జాడ కోసం వారాల తరబడి వెతికారు. సరిగ్గా ఆరు వారాలకి, ఆగస్టు 23న, మహారాష్ట్ర యాత్రికుల బస్సు పోఖరా నుంచి కాఠ్మాండూ వస్తూ మర్స్యాంగ్ది నదిలో పడింది. 27 మంది పోయారు. వాళ్లూ మాలాగే ఇంటిల్లిపాదీ దేవుళ్లని చూడ్డానికొచ్చినవాళ్లే. మర్స్యాంగ్ది వచ్చి త్రిశూలిలో కలిసేది ముగ్లింగ్ దగ్గరే.

మా డ్రైవరు పొద్దుట్నుంచీ ఒక్కడే తోలుతున్నాడు. కరపత్రంలో ఇద్దరు డ్రైవర్లని ఉంది. ఆ రెండో మనిషి క్లీనరు. గోరఖ్‌పూర్‌లో ఎక్కింది మొదలు ఒక్కసారి కూడా అతన్ని స్టీరింగు ముందు చూడలేదు. పదకొండు దాటాక డ్రైవరు సీసాలో నీళ్లు అరచేతిలో పోసుకుని కళ్లకి కొట్టుకోవడం చూసి నేను లేచి కేబిన్లోకి వెళ్లి కూర్చున్నాను. నాకొచ్చిన హిందీతో పిల్లలెంతమంది, పొలం ఉందా అని అడగడం మొదలుపెట్టాను. ‘సో జాయియే అంకుల్’ అన్నాడు. హెడ్‌లైట్ వెలుగులో పిడికెడేసి రాళ్లు పైనుంచి దొర్లి, రోడ్డు మీద ఎగిరి, అవతలికి పోతున్నాయి. వెనక టీవీలో బాలకృష్ణ సినిమా నడుస్తోంది. మేకల టికెట్టు గుర్తొచ్చింది. నవ్వు రాలేదు.

ఏం తొందర? ఎవరు తరుముతున్నారు? ఆ రాత్రి ముగ్లింగ్‌లోనే పడుకోబెడితే తలకి ఎంతవుతుంది? ఆ డబ్బు ఎవరి జేబులో మిగలడం కోసం నలభైమందిని, నిద్ర లేని ఒక మనిషి చేతిలో పెట్టి, వానాకాలం రాత్రి ఆ రోడ్డు మీదికి తోలారు? శ్రావణమాసం స్పెషల్ అంటే వరలక్ష్మీదేవి మీద భక్తి అనుకునేరు. వానల్లో అక్కడ సీజన్ ఉండదు, గదులు చవగ్గా దొరుకుతాయి, అంతే కథ. కొండలు కనిపించని నెల, జంతువులు కనిపించని నెల, రోడ్లు జారే నెల. అది చూసి, ఏరి, దానికి పసుపు కుంకుమ రాసి మనకి అమ్ముతున్నారు. అక్టోబరులో పంపితే కొండ దానంతటదే కనిపిస్తుంది, ఎవడి గ్యారంటీ అక్కర్లేదు. కాని అక్టోబరులో గదుల రేట్లు పెరుగుతాయి, మనం రెండువేలు ఎక్కువైందని ఇంకో కరపత్రం వెతుక్కుంటాం. మనమేం తక్కువ తిన్నాం? ఆ రాత్రి దాకా బస్సుని లాగింది మన సాంబారే.

చిత్వన్ అంచున ఉన్న సౌరహా చేరేసరికి ఒంటిగంటన్నర. ఆరింటికి సఫారీ. రాప్తీ పోటెత్తి ఉంది, పడవలు ఆపేశారు, నది దాటితే కాని జీపులు లేవు. ఇవతలి గట్టున అడవి అంచు దాకా నడిపించారు. థారూ కుర్రాడు ఒకడు, గైడు, ముందుగా జాగ్రత్తలు చెప్పాడు: గైండా, అంటే ఖడ్గమృగం, మీదికొస్తే తిన్నగా పరిగెత్తకూడదు, వంకరటింకరగా పరిగెత్తాలి, లేదా చెట్టెక్కాలి. దానికి చూపు ఆనదు కాని వాసన పడుతుంది, చెవులు పాము చెవులు, మాట్లాడకండి. మా బస్సులో ఒక పెద్దావిడ, ‘చెట్టెక్కమంటాడేంటే అమ్మాయ్, మోకాళ్లు మార్పించి ఆర్నెల్లు కాలేదు’ అంది, అడవంతా వినపడేట్టు. నాకు తెలిసి ఆ చుట్టుపక్కల ఖడ్గమృగాలన్నీ అప్పుడే సర్దుకున్నాయి.

తిరిగొస్తుంటే ఒడ్డున బురదలో ఒక మొసలి నోరు తెరుచుకుని పడుకుని ఉంది. మా ప్రయాణం మొత్తానికి నిజంగా చూసింది అదొక్కటే. ఐదు నిమిషాలు చూసి, ‘కదలట్లేదు, బొమ్మే’ అని తీర్మానించారు. అలా దొరికిన ఒక్క పాయింటూ లెక్కలో పడలేదు.

ఏనుగుల్ని కూడా చూపించారు, ముందు కాళ్లకి గొలుసులేసి ఉన్నవాటిని. దాని గురించి రాస్తే ఈ పేజీ సరిపోదు.

తొమ్మిదింటికి మేనేజరు అందర్నీ ఒక హోటలు గేటు ముందుకి పోగేశాడు. అక్కడ సిమెంటు ఖడ్గమృగం ఉంది. బూడిదరంగు కొత్తగా వేసినట్టుంది, ఒక చెవి విరిగి లోపలి ఊచ బయటికొచ్చింది. కుటుంబాల వారీగా నిలబడమన్నాడు. నేను కరపత్రం తీసి గ్యారంటీ సంగతేమిటని అడిగాను.

‘రైనో చూపిస్తామన్నాం, చూపించాం కదా సార్.’

‘ఇది బొమ్మయ్యా!’

‘బతికున్నదని ఎక్కడ రాశాం సార్?’

వెతికాను. ఎక్కడా లేదు. మొసలిని బొమ్మన్న జనం ఈ బొమ్మ మెడ మీద చేతులేసి ఫొటోలు దిగుతున్నారు. నేను మాత్రం ఇంటికొచ్చాక వాళ్లకి నాలుగు పేజీల ఫిర్యాదు రాశాను: డ్రైవరు సంగతి, ఆ రాత్రి సంగతి, రాళ్ల సంగతి, గదుల సంగతి, చివర ఒక్క వాక్యంలో బొమ్మ సంగతి. ఏడాది ఆలోచించి ఆ ఒక్క వాక్యానికి జవాబిచ్చారు. ‘లైవ్’.

మొన్న కరపత్రంలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. రాత్రిపూట బండి ఎవరు తోలతారు, ముగ్లింగ్ చీకటి పడకముందే దాటిస్తారా అని అడిగాను.

‘నాలుగు సీట్లే ఉన్నాయి సార్. ముందు వరస కావాలా?’ అన్నాడు.

సాయంత్రానికి రెండే మిగిలాయి. మా తోడల్లుడు ఫోన్ చేశాడు. ‘ఈసారి బతికున్నదే అంట తమ్ముడూ. మీకు కూడా చెప్పేశాను.’