గేరుదోష మీమాంస

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తేల్చుకోవాలి. మన తార్కికులు తరతరాలుగా శిష్యులకు నూరిపోసిన ఉదాహరణ ఇది. వాళ్లెవరూ అనంతగిరి ఘాటు ఎక్కినట్టు లేదు. శీతాకాలం పొద్దున ఇక్కడ కొండ మీద కనిపించేదంతా మంచే. నిప్పు దొరికిన కొద్దిపాటి సందర్భాల్లో దాని మీద బొంగులో చికెన్ ఉంటుంది, తర్కం అక్కడితో ఆగిపోతుంది. అంచేత ఈ కొండలకు కొత్త ఉదాహరణ ప్రతిపాదిస్తున్నాం: వెనక చక్రం దగ్గర టకటక వినిపిస్తే గేరుదోషం ఉన్నట్టే.

క్షేత్రం సంగతి. శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఎక్కుడు, సుమారు 900 మీటర్ల ఎత్తున్న అరకు దాకా సైకిలుదారుణ్ణి పరీక్షిస్తుంది. ఇవే కొండల్లో కొత్తవలస-కిరండూల్ లైను రైలు 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ చేరుతుంది. రైలు పట్టా తప్పితే ప్రమాదం. సైకిలు చైను మాత్రం ఒక పళ్లచక్రం తప్పి ఇంకోదాని మీద పడకపోతేనే ప్రమాదం. ఆ తప్పించే పని డిరైలర్‌ది.

కనక దోషి డిరైలరే అని పూర్వపక్షం. ఆ పక్షంవాళ్లు రోడ్డు పక్కన ఆగి హెచ్, ఎల్ అనే రెండు స్క్రూలను పట్టుకుని తిప్పేస్తారు. చైను ఇటు ఫ్రేము మీదికో అటు పుల్లల్లోకో పడకుండా అవి సరిహద్దులు మాత్రమే. ఘాటు రోడ్డు మీద నిరపరాధులకు పడే శిక్షల్లో సగం ఈ రెంటికే.

సిద్ధాంతం: మొదటి ముద్దాయి, గేరు మీట నుంచి డిరైలర్‌ను లాగే వైరు. 1984లో షిమానో క్లిక్కుల గేర్లు తెచ్చాక ఒక్కో క్లిక్కుకూ వైరు ఇంతే లాగాలన్న లెక్క వచ్చింది. పెద్ద చక్రం ఎక్కడానికి చైను బద్ధకిస్తే వైరు వదులైనట్టు. వైరు డిరైలర్‌లోకి దూరేచోట ఉన్న బుడిపెను అప్రదక్షిణంగా పావు చుట్టు తిప్పాలి. చిన్నదాని మీదికి దిగనంటే బిగువెక్కువై ఉండాలి, లేదా తొడుగులో తుప్పు పట్టి ఉండాలి. కొండవానల తర్వాత మా మొగ్గు తుప్పు వైపే.

ఒక గేరు సరిచేస్తే ఇంకోటి చెడుతోందా? డిరైలర్ వేలాడే హ్యాంగర్ వంగింది. విశాఖ నుంచి సైకిలును బస్సు డిక్కీలో కుడివైపుకు పడుకోబెట్టి తెచ్చేవారికి ఈ జ్ఞానం త్వరగా కలుగుతుంది.

మిగిలింది కర్తృదోషం, అన్నిటికన్నా మొండిది. నిట్టెక్కుడు వంపులో, ఒంట్లో బరువంతా పెడలు మీద వేసి, అప్పుడు గేరు గుర్తుకొచ్చేవాడిది. బిగుసుకున్న చైను పక్కకు జరగదు. వంపుకు ముందే మార్చాలి, మార్చేటప్పుడు కాలు కాస్త తేలిక చెయ్యాలి. యంత్రం నిర్దోషి అన్న తీర్పును సైకిలుదారు ఒప్పుకున్న దాఖలా ఇంతవరకు లేదు.

గేర్లే వద్దనే పక్షం కూడా చిన్నదేం కాదు. టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకులే 1937 దాకా డిరైలర్‌ను పోటీలోకి రానివ్వలేదు. ఇక్కడ ఆ పక్షానికి పెద్ద, గేర్లు లేని సైకిలుకు బస్తా కట్టుకుని సంతకు పోయే రైతు. “ఎక్కుడొస్తే దిగిపోయి తోసుకెళ్లిపోతే సరిపోద్ది కదేటి బాబూ” అంటాడు. దీనికి ఖండన రాయవలసి ఉంది.