ముత్తాత దొంగైతే మహా గొప్ప!

1788 నుంచి 1868 దాకా బ్రిటన్ సుమారు 1,62,000 మంది ఖైదీలను ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు తోలింది. చిల్లర దొంగతనానికీ ఏడేళ్ల ప్రవాస శిక్షే! ఆ మచ్చను మనవలు గడప దాటనివ్వలేదు. మునిమనవలేమో పాత రికార్డులు తిరగేసి, 1788 నాటి తొలి ఓడల్లో దిగిన దొంగ తమ వంశంలో దొరికితే పండగ చేసుకుంటున్నారు. ఆ ఓడల్లో వచ్చినవారి వారసులకు సంఘం కూడా ఉంది. నిజాయతీగా లండన్‌లోనే బతికి పోయినవాడి మునిమనవడికి మాత్రం అందులో చోటు లేదు, పాపం!

దొంగతనానికి రెండొందల ఏళ్లు నిండితే వంశ ప్రతిష్ఠేనన్నమాట. మన బ్యాంకులను ముంచినవాళ్ల మునిమనవలకూ మంచిరోజులున్నాయి. తేడా ఒక్కటే. ఆనాడు రుమాలు కొట్టేసినవాణ్ని సర్కారే ఓడెక్కించింది. ఈనాడు కోట్లు మింగినవాళ్లు సర్కారుకు ఆ శ్రమ ఇవ్వకుండా తామే విమానమెక్కుతున్నారు!