మావయ్యగారి మిడిల్ వాచ్

నేవీ లెక్క ప్రకారం మా మావయ్యగారు రిటైరై చాలా కాలమైంది. పింఛను పడుతోంది, క్యాంటీన్ కార్డుంది, ఏటా నవంబరులో బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ కూడా ఇచ్చొస్తారు. రిటైరైన కబురు ఆయనకొక్కరికే ఇంకా అందలేదు.

ఆయన సర్వీసులో ఎక్కువ భాగం సబ్‌మెరైన్లలోనే గడిచింది. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా నిలబెట్టిన ఐఎన్ఎస్ కురుసుర లాంటివన్నమాట. 91 మీటర్ల పొడవు గొట్టంలో 75 మంది మనుషులు. మంచినీళ్లు గొంతు తడుపుకోడానికే, స్నానం సంగతి ఒడ్డు చేరాక. అందుకే గాజువాకలోని మా ఇంట్లో షవరు అలంకారానికుంది. నీళ్ల చప్పుడు కాస్త ఎక్కువసేపు వినిపిస్తే చాలు, తలుపు మీద టకటకలు మొదలు.

నిద్ర మాత్రం రాజాలాంటిది. పక్కింట్లో పెళ్లి బ్యాండు మోగినా గురక ఆగదు. కరెంటు పోయి ఫ్యాను ఆగిందా, దిగ్గున లేచి కూర్చుని ఇల్లంతా లేపేస్తారు. మోత వినిపిస్తున్నంతసేపూ ఓడ క్షేమం, ఆగితేనే ప్రమాదమని ఒంటికి పట్టేసిన అలవాటది. మేం ఇన్వర్టరు కొన్నది ఉక్కపోతకి భయపడి కాదు.

శ్రీకాకుళం నుంచి చుట్టాలెవరొచ్చినా కురుసుర చూపించాల్సిందే. 1969లో రీగాలో మన నౌకాదళంలో చేరి, 2001లో కొలువు చాలించి, 2002 నుంచి ఇసుకలో సేదదీరుతోందది. లోపల వివరాలు చెప్పేవాళ్లూ రిటైరైన నేవీవాళ్లే. గైడు నోరు తెరిచేలోపే ఈయన అందుకుంటారు. టార్పెడో గొట్టాల దగ్గర వాదన, బ్యాటరీల దగ్గర "మీదే బ్యాచ్?", చివరికొచ్చేసరికి కౌగిలింతలు. ఈలోగా చుట్టాలు బయట ఎండలో మురీమిక్స్చర్ తింటూ ఉంటారు.

మాకు పాప పుట్టాక అసలు సర్వీసు మొదలైంది. స్కేలుతో గీతలు కొట్టిన కాగితమొకటి ఫ్రిజ్ మీదికెక్కింది. ఓడలో రోజుని నాలుగేసి గంటల వాచ్‌లుగా పంచుతారట. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్నదాన్ని మాత్రం రెండుగా చీలుస్తారు, అవి డాగ్ వాచ్‌లు. దాంతో మొత్తం ఏడవుతాయి. బేసి సంఖ్య కాబట్టి డ్యూటీ తిరుగుతూ పోతుంది, రోజూ ఒకడికే ఒకే వేళ పడదు.

"అంటే నేను ఆఫీసు నుంచి రాగానే కుక్క కాపలానా నాన్నా?" అన్నారు మా ఆయన.

"పేరు చూసి బాధపడకురా, రెండు గంటలే కదా."

అన్నీ చక్కగా తిరిగాయి, ఒక్కటి తప్ప. అర్ధరాత్రి నుంచి నాలుగు దాకా ఉండే మిడిల్ వాచ్ ఎదురుగా ఏ రోజు చూసినా ఆయన పేరే. బేసి సంఖ్య అక్కడెందుకు పని చెయ్యలేదని అడిగితే, "అది ఓడని బట్టి ఉంటుందమ్మా, నువ్వు పడుకో" అని దాటేశారు. పొద్దున్నే లేచి చూస్తే పాత డైరీలో గుండ్రటి అక్షరాలు: "2.10 పాలు. 2.25 త్రేన్పు. 2.40 కక్కింది, బనీను మార్చాను. 3.05 నిద్ర. సముద్రం ప్రశాంతం."

ఆ కాగితంలో అత్తయ్య పేరు ఎక్కడా లేదు.

"ఏటండీ, నేనీ ఇంట్లో మనిషిని కానా?"

"కెప్టెన్‌కి వాచ్ ఉండదే" అంటూ మావయ్యగారు నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టారు. నేవీ సెల్యూట్‌లో అరచెయ్యి నేలవైపు వాలి ఉంటుంది. తాళ్లూ తారూ అంటిన మురికి చెయ్యి పైవాళ్లకి కనపడకూడదని అలా మొదలైందంటారు. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ వింటున్న కథే కాబట్టి అత్తయ్య కరగలేదు.

"ముందా చెయ్యి కడుక్కు రండి. డైపరు మార్చి ఇటే వచ్చీసినారు."