ఎదుటివాళ్ల మాట పూర్తవనివ్వకండి

సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పక్కవాళ్లు మాట్లాడుతుంటే నోరు మూసుకుని వినకండి. వాళ్లు ముగించాకే మనం మొదలెట్టాలని బళ్లో నేర్పిన మర్యాద వశిష్ఠ గోదావరి మీద పనికిరాదు.

ఒకప్పుడు నేనూ ఆ మర్యాద పాటించినవాణ్ణే. పంటు మీద బైకుల మధ్య నిలబడి ఒక పిన్నిగారు కూతురి సంబంధం గురించి చెబుతున్నారు. అంతర్వేది తీర్థంలో పిల్లని చూసుకున్నారట, ముహూర్తం దగ్గర పేచీ వచ్చిందట. నేను బుద్ధిగా తలొంచుకుని వింటున్నాను. ఆవిడ ఠక్కున ఆపి, సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "అసలు వింటన్నారాండి బాబూ?" అన్నారు. అవతలి రేవు దాకా మళ్లీ నోరు విప్పలేదు.

అందుకే ప్రతి "అండి" దగ్గరా అందుకోండి. మన వాక్యంలో క్రియ చివర్న వస్తుంది, గోదావరి జిల్లాల్లో దానికి అండి తగులుతుంది. వచ్చారండి, కూర్చున్నారండి, ఏం తేల్చలేదండి. ఒక్కో అండి ఒక్కో మెట్టు. అక్కడ మీరు ఊకొట్టే "ఆయ్" పడకపోతే చెప్పేవాళ్లకి కాలు నిలవదు.

ఇంకాస్త తెగించి, వాళ్ల క్రియ మీరే చెప్పేయండి. "గాలికి మా దొడ్లో కొబ్బరిచెట్టు..." అనగానే "పడిపోయిందా అండి!" అనాలి. తప్పయినా మంచిదే. "కాదండి, మొవ్వు విరిగింది" అని దిద్దుతారు, ఆ దిద్దుబాటులో ఇంకో పది మాటలు కలుస్తాయి. ఇది తొందరపాటు కాదు. పది భాషల్లో ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఖాళీని పరిశోధకులు కొలిచి 2009లో ప్రకటించారు. సగటున సెకనులో ఐదో వంతు. ఒక్క మాట కూర్చుకుని పలకడానికే అరసెకను దాటుతుంది. అంటే అవతలివాళ్లు ముగించకముందే లోకమంతా జవాబు సిద్ధం చేసుకుంటోంది. ఆ పదింట్లో తెలుగు లేదు, ఉండాల్సింది.

ఇద్దరి మాటా ఒకేసారి వస్తే "ముందు మీరు చెప్పండి" అనకండి, ఇద్దరివీ ఆగిపోతాయి. చావు కబురైతే మాత్రం ఆయ్ కూడా వద్దు, చెయ్యి పట్టుకోండి.

పంటు ఒడ్డుకి తగిలిందని మాట తుంచేయకండి. అసలు సంగతి అప్పుడే ఎత్తండి. ఆ పిన్నిగారు ఇంకోసారి కలిసినప్పుడు నేను ఆయ్ ఆయ్ అంటూనే ఉన్నాను. ఆవిడ కూతురి ముహూర్తం చెప్పింది నరసాపురం గట్టు మీద, ఒక కాలు ఆటోలో పెట్టి.