ఊరందరికీ సూది, నాకు తప్ప
(ఒక క్లచ్ వైరు ఆత్మకథ)

చలికి బిగుసుకుపోయానట! ముక్కోటి దగ్గర పడిందంటే చాలు, మా డాక్టరు గారు నా మీద మోపే నింద ఇదే. భద్రాచలం దాటి చర్ల వైపు వెళ్తుంటే ఆ రోజుల్లో తెల్లవారుజామున దారి కనపడనంత పొగమంచు పట్టే మాట నిజమే. అడవి పల్లెల్లో పది, పన్నెండు డిగ్రీల చలి ఉంటుంది. కానీ నీళ్లు గడ్డకట్టాలంటే సున్నాకు దిగాలి గదా! వణుకుతూ వచ్చినవాడికి రక్తపు చుక్క తీసి మలేరియా అవునో కాదో చూసే ఈ ఆర్‌ఎంపీ డాక్టరే, నాకు మాత్రం ఏ పరీక్షా లేకుండానే జబ్బు పేరు చెప్పేసేవారు.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సన్నని ఉక్కు తీగలు పేని, రెండు కొసలకూ లోహపు బుడిపెలు పోసి, చుట్టలు తిరిగిన ఒక తొడుగులో దూర్చారు. తొడుగు ఔటర్, నేను ఇన్నర్. మా వంశానికి మూలపురుషుడు ఎర్నెస్ట్ మానింగ్టన్ బౌడెన్. 1896లో బ్రిటన్‌లో మా మీద పేటెంటు తీసుకున్నాడు. మాకు లాగడమే తెలుసు, తోయడం చేతకాదు. లివర్ నొక్కితే లాగుతాను. వదిలితే నన్ను వెనక్కి గుంజుకోవడం అటు కొసనున్న స్ప్రింగు పని. ఔటర్ లోపల కాస్త తుప్పు లేచినా చాలు, ఆ స్ప్రింగు బలం చాలదు. వదిలిన క్లచ్ వదిలినట్టు ఉండదు, ప్లేట్లు జారుతూ మాడిపోతాయి.

బాగున్న రోజుల్లో నా పనితనం చూడాల్సింది. తాలిపేరు అవతలి గూడెం నుంచి రాత్రిపూట కబురొచ్చేది. వాగులో మోకాలి లోతు నీళ్లు, అడుగున గుండ్రాళ్లు. వెనక సీటు మీద జ్వరంతో ఒళ్లు తెలియని కోయ పిల్లవాడు, వాణ్ణి పట్టుకుని వాళ్ల నాయన. బండి నడి వాగులో ఆగిందా, సైలెన్సర్‌లోకి నీళ్లు పోతాయి, ఇక స్టార్టవదు. ఫస్ట్ గేరులో, ఇంజను అరుస్తుండగా, క్లచ్ పూర్తిగా పట్టకుండా, పూర్తిగా వదలకుండా దాటాలి. ఆ సగం పట్టును బెత్తెడు దూరం జారనీయకుండా నిలబెట్టింది నేనే. ఒడ్డెక్కాక ఆ తండ్రి డాక్టరు గారికి దండం పెట్టాడు. నాకెందుకు పెడతాడు, నేను హ్యాండిల్ కింద చీకట్లో ఉన్నాను.

అదే వాగులో మర్నాడు బండి కడిగేవారు. లివర్ దగ్గర నా పై కొసకు ఒక రబ్బరు టోపీ ఉండాలి. అది చిరిగి ఎంతో కాలమైంది, కొత్తది కొనలేదు. నీళ్లు పై నుంచి దూరి, జారి, ఔటర్ కిందికి వంపు తిరిగే చోట నిలిచేవి. నాకు వానాకాలం అక్కడ మొదలై చలికాలం దాకా ఉండేది. పైగా 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారని తెలిస్తే ఆ వరదేమిటో అర్థమవుతుంది. డాక్టరు గారు మందుల పెట్టెలను అటకెక్కించారు, బండిని వాకిట్లో వదిలేశారు. నీళ్లు తీశాక బురద నా నరనరానా ఉంది. పైపైన తుడిచి ఎండలో పెట్టారు, వైద్యం అంతటితో సరి.

ఆ చలికాలం లివర్ రాయిలా అయింది. మొదట లావు గ్రీజు తెచ్చి కొసలకు పులిమారు. చలికి ఆ గ్రీజు కూడా చిక్కబడి, ఉన్న బాధకు ఇంకో బాధ తోడైంది. తర్వాత ఒక పొద్దున వేడినీళ్లు పోశారు! నిజంగా మంచు గడ్డకట్టే దేశాల్లో, ఏటీవీలనే నాలుగు చక్రాల బండ్లకున్న మా వాళ్లకు కూడా వేడినీళ్లు మంచివి కావు. లోపలి ఐసు కరుగుతుంది, పోసిన నీళ్లూ దానితో కలిసి అక్కడే ఉండి, రాత్రికి మళ్లీ గడ్డకడతాయి. బండిని వెచ్చని చోట పెట్టి, చెమ్మంతా ఆరాక పలచని నూనె ఎక్కించాలి. సియాచిన్‌లో సైన్యం స్నో స్కూటర్లు నడుపుతుంది. అక్కడి వైర్ల కష్టం వింటే నాకు నా కష్టం మీద సిగ్గేస్తుంది, కానీ వాళ్లకు చలి అయినా నిజంగా ఉంది.

చివరికి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆ కుర్రాడు లివర్ ఒకసారి నొక్కి చూసి నవ్వాడు.

"ఇది చలి కాదు సారూ, తుప్పు. వానాకాలం నీళ్లు లోపలే ఉన్నయ్."

"ఏం చెయ్యాలి తమ్ముడూ?"

"ముందే అయితే నెలకోసారి కుట్టుమిషను నూనె ఒక సిరంజితో ఎక్కిస్తే సరిపోయేది. మీ దగ్గర సిరంజిలకు కరువా సారూ?"

డాక్టరు గారు నవ్వలేదు. నేనూ నవ్వలేదు గానీ, వినడానికి హాయిగానే ఉంది. ఆయన సంచీ నిండా సూదులే. ఊళ్లో ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ఒకటి పొడిచే చేయి, నాకు ఒక్కటంటే ఒక్కటి వేయలేదు. అప్పటికే లివర్ దగ్గరి బుడిపె పక్కన నా తీగలు ఒక్కొక్కటీ తెగుతున్నాయి. మెకానిక్ నన్ను పీకి పడేసి కొత్త వైరు వేశాడు. ఎక్స్‌లేటర్ వైరును కూడా తీసి నూనెలో నానబెట్టాడు. నేను బిగుసుకుంటే బండి కదలదు, అది బిగుసుకుంటే బండి ఆగదు, అందుకని దానికి ఎప్పుడూ మర్యాద ఎక్కువ.

అప్పటి నుంచి షాపు వెనక మేకుకు పాత వైర్ల గుత్తిలో వేలాడుతున్నాను. మా అడవిలో ఈ గుత్తికి ఒక గిరాకీ ఉంది. అడవి పందికి, దుప్పికి ఉచ్చులు పన్నడానికి క్లచ్, బ్రేకు వైర్లు వాడతారు. జంతువు గుంజుకున్న కొద్దీ బిగుస్తాం. పందికని వేసిన ఉచ్చులో చిరుతపులి కాలు పెట్టదని ఎవరు చెప్పగలరు? 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇలా ఉచ్చు పన్నడం నేరం. అటవీ సిబ్బంది పొదల్లో వంగి వంగి వెతికేది మా వాళ్ల కోసమే.

మొన్న సంత రోజు ఒకడొచ్చి పాత వైర్లు అడిగాడు. మెకానిక్ లోపల పనిలో ఉండి గుత్తి కేసి చెయ్యి చూపించాడు. వాడు నన్ను తీసి మోకాలి మీద వంచాడు. పటపటా నాలుగు తీగలు తెగాయి. "తుప్పు తిన్నది, ఇది పందికి ఆగదు" అని మూలకు విసిరేశాడు. నా పక్కన ఒక బ్రేకు వైరు ఉండేది, దాని యజమాని ప్రతి నెలా నూనె వేసేవాడట, ఇంకా నిగనిగలాడుతోంది. దాన్ని చుట్ట చుట్టి సంచిలో వేసుకుపోయాడు.