చేప ఉందా?

శాకాహారులు రెండు రకాలు. పుట్టినప్పట్నుంచీ తిననివాళ్ళు, నడుమ మానేసినవాళ్ళు. మొదటి రకంతో ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. ఇంత పెరుగన్నం దొరికితే వాళ్ళకి లోకంతో పేచీ లేదు. రెండో రకంతో జపాన్ వెళ్ళకూడదు. మా బావగారు రెండో రకం.

జపాన్‌లో చిక్కేమిటంటే చేప కంటికి కనిపించదు. కనిపిస్తే పక్కకి నెట్టేయొచ్చు. అక్కడది నీళ్ళలోనే ఉంటుంది. వాళ్ళ వంటకి మూలం ‘దాషి’ అనే రసం. కొంబు అనే సముద్రపు నాచునీ, పొగబెట్టి ఎండబెట్టి గట్టిపడ్డ చేపని చెక్కగా వచ్చిన పొరల్నీ వేడినీళ్ళలో వేసి సారం దింపుతారు. మిసో చారులో అదే, ఉడికించిన కూరముక్కల్లో అదే, నూడుల్స్ పులుసులో అదే, టెంపురా అనే వాళ్ళ బజ్జీలు ముంచుకునే గిన్నెలోనూ అదే. ఒసాకాలో ఒక రాత్రి బావగారు ధైర్యం చేసి వేయించిన వంకాయ తెప్పించుకున్నారు. దానిమీద ఆ చేప పొరలు చల్లి తెచ్చారు. వేడి తగిలి అవి అటూ ఇటూ కదులుతున్నాయి. బావగారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

ఆ రుచి గుట్టు విప్పింది టోక్యోలో ఇకెదా కికునాయె అనే ప్రొఫెసరు. 1908లో ఆయన కొంబు నాచులోంచి గ్లుటమేట్‌ని వేరుచేసి, ఆ రుచికి ‘ఉమామి’ అని పేరు పెట్టాడు. మరుసటేడే అది అజినొమొతో పేరుతో అమ్మకానికొచ్చింది. ఇప్పుడు మన సందు చివర ఫ్రైడ్ రైస్ బండి మీద తెల్లగా మెరిసేదీ అదే. అంటే చేప లేకుండా ఒక్క నాచుతోనే ఆ రుచి రాబట్టొచ్చన్నమాట. బావగారికి ఊరటగా ఉంటుందని ఈ సంగతి చెప్పాను.

‘‘నాకెందుకోయ్, వంటవాడికి చెప్పు’’ అన్నారు.

ఆయన ఆయుధం సెల్‌ఫోను. మనం తెలుగులో మాట్లాడితే అది జపనీసులో పలుకుతుంది, వాళ్ళు జపనీసులో చెబితే మనకి తెలుగులో వినిపిస్తుంది. ఇంత విద్య చేతిలో పెట్టుకుని ఆయన అడిగేది ఒకే ఒక్క మాట: ‘‘ఇందులో చేప ఉందా?’’ హోటల్లో, స్టేషన్లో డబ్బా భోజనాలు అమ్మే కొట్లో, ఆఖరికి బిస్కెట్ల దుకాణంలో కూడా. అవతలివాళ్ళు తమదేదో తప్పయినట్టు నొచ్చుకుని, తలవంచి, కొంచెం ఉందండీ అనేవారు. బావగారు నావైపు చూసేవారు, ఆ చేపని నేనే వేసినట్టు.

అక్క ఇవేమీ పట్టించుకోలేదు. రాత్రీపగలూ తెరిచుండే కొట్లలో ఒనిగిరి అని అమ్ముతారు, నల్లటి నాచు చుట్టిన అన్నం ముద్ద. అందులో ఉమెబొషి పెట్టింది ఎక్కడుంటుందో కనిపెట్టేసింది. ఉమె కాయల్ని ఉప్పులో ఊరేసి ఎండబెడతారు. నోట్లో పడితే మా అమ్మమ్మ జాడీలో ఏళ్ళ తరబడి ఊరిన ఉసిరికాయే. ‘‘ఒరే, వీళ్ళకి కారం తెలీదు గానీ పులుపు తెలుసురా’’ అంది. జపాన్ భోజనం గురించి అంతకన్నా సరైన మాట నేనెక్కడా వినలేదు.

బావగారు చిక్కిపోతున్నారు. ఇక కోయాసానే దిక్కనుకున్నాను.

ఒసాకా నుంచి రైలు, ఆ తర్వాత ఏటవాలుగా కొండెక్కే కేబుల్ కారు. పైన దేవదారు అడవి మధ్య బౌద్ధ క్షేత్రం. 816లో కూకాయ్ అనే ఆచార్యుడు నెలకొల్పాడు. జనం కోబో దైషి అని కొలిచేది ఆయన్నే. వందకు పైగా ఆలయాలున్నాయి. వాటిలో యాభై దాకా యాత్రికులకి బసా భోజనమూ ఇస్తాయి. ఆ భోజనం పేరు షోజిన్ ర్యోరి. మాంసం లేదు, చేప లేదు, ఉల్లి వెల్లుల్లి కూడా లేవు. దాషి కూడా నాచుతోనూ ఎండు పుట్టగొడుగులతోనూ తీసిందే.

సాయంత్రం ఒకునొయిన్ శ్మశానంలో నడిచాం. రెండు లక్షలకు పైగా సమాధులు. వాటిలో ఒకటి చెదపురుగులది! చెదలమందు కొట్టేవాళ్ళ సంఘం, తాము చంపిన పురుగులకి శాంతి కలగాలని కట్టించింది. బావగారు చలించిపోయారు. ‘‘చూశావా, పురుక్కి కూడా! ప్రాణమంటే ఏమిటో వీళ్ళకి తెలుసు. నాలుక కోసం ప్రాణం తీసేవాళ్ళు వచ్చి చూడాలి’’ అన్నారు. బసకి చేరేదాకా జీవకారుణ్యం మీద ఉపన్యాసం సాగింది. నాకు చేపల పులుసంటే ఇష్టమని ఆయనకి తెలుసు.

పెందలాడే భోజనం పెట్టారు. చాపల మీద కూర్చున్నాం. ఒక కుర్ర భిక్షువు ఎర్ర లక్కపూత పీటలు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని ముందు పెట్టాడు. గొమాదోఫు వచ్చింది. పేరుకి తోఫూయే గానీ అందులో సోయా లేదు. నువ్వులు మెత్తగా నూరి, ఒక దుంప పిండితో కలిపి గట్టిపడేదాకా తిప్పి తిప్పి కాచింది. ‘‘చేప ఉందా?’’ అన్నారు బావగారు. లేదని భిక్షువు తలవంచాడు. పూర్వం ఈ కొండమీద తోఫూని చలికాలపు మంచులో గడ్డకట్టించి ఎండబెట్టేవారట, ఆ కోయాదోఫు వచ్చింది. ‘‘చేప ఉందా?’’ లేదు. తామరదుంప టెంపురా. ‘‘చేప?’’ లేదు. చారు. ముక్కు దగ్గర పెట్టుకుని మరీ అడిగారు. లేదు. ఊరగాయకి కూడా అడిగారు. ప్రతిసారీ భిక్షువు అంతే శ్రద్ధగా విని, అంతే కిందకి వంగి లేదన్నాడు.

అప్పుడు తిన్నారు బావగారు. అన్నం మారు వడ్డించుకున్నారు. ‘‘ఏమోయ్, ఇదీ భోజనమంటే’’ అన్నారు.

గిన్నెలు తీస్తూ మీదే ఊరని భిక్షువు అడిగాడు. ఆంధ్ర అంటే తెలియలేదు. నాగార్జునుడి పేరు చెప్పాను. అతను గిన్నెలు కింద పెట్టేసి చేతులు జోడించాడు. వాళ్ళ గురుపరంపరలో ఆయన మూడోవాడట. దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తెరిచి తమ శాస్త్రాన్ని అందుకున్నాడని వాళ్ళ నమ్మకం. అది అమరావతి స్తూపమేనని కొందరు పండితులంటారు.

బావగారు నిటారుగా కూర్చున్నారు. నాగార్జునకొండ దగ్గరే, నాగార్జునసాగర్ డ్యామ్ మీద తాను ఇంజనీరుగా పనిచేశానని ఫోనుకి చెప్పారు. 1955లో నెహ్రూ శంకుస్థాపన, 26 గేట్లు, ఎన్ని లక్షల ఎకరాలకి నీరు, అన్నీ చెప్పారు. ఆ లోయలో విహారాలుండేవి, తవ్వితీసి ముఖ్యమైనవి కొండమీదకి చేర్చారు, మిగతావి నీళ్ళ కింద ఉన్నాయని కూడా చెప్పారు. ఫోను జపనీసులో చాలాసేపు మాట్లాడింది. భిక్షువు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. తర్వాత అతను చెప్పాడు. కోబో దైషి 835 నుంచి ఈ అడవిలో ధ్యానంలోనే ఉన్నారని తమ విశ్వాసం. అందుకే ఇప్పటికీ రోజుకి రెండుసార్లు, తెల్లవారి ఆరింటికీ పదిన్నరకీ, భోజనం వండి మోసుకెళ్తారు. రుచి చూసే జిజో అని ఒక దేవుడు, దారిలో ముందు ఆయనకి చూపించి మరీ.

‘‘మీ ఊళ్ళో నాగార్జున ఆచార్యుల స్థలంలో ఏ భోజనం ప్రసిద్ధి?’’ అంది ఫోను.

బావగారు నోరు తెరిచారు గానీ మాట రాలేదు. పక్కనుంచి అక్క అందుకుంది.

‘‘ఏముంటుందిరా, సాగర్ చేప! ఈయన అక్కడున్నన్నాళ్ళూ ఆదివారమొస్తే రెండేసి కిలోలు తోమలేక నా చేతులు పడిపోయేవి. వేపుడు ఒక పూట, పులుసు ఒక పూట. రిటైరయ్యి గురువుగారి దగ్గర దీక్ష తీసుకున్నాక గానీ నా ప్రాణం తెరిపిన పడలేదు.’’

ఫోను బావగారి చేతిలోనే ఉంది. ఆపడం మరిచిపోయారు. అది ఒక్క ముక్క వదలకుండా విని, స్పష్టమైన జపనీసులో అంతా అప్పజెప్పింది. దీక్ష మాట దగ్గర ఏం తడబడిందో తెలియదు.

భిక్షువు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆ సాయంత్రం మొత్తంలో ఎప్పుడూ వంగనంత కిందకి వంగాడు. ఏదో చెప్పాడు. ఫోను దాన్ని తెలుగులో వినిపించింది.

‘‘క్షమించండి. మీరు ప్రతి గిన్నెకీ చేప ఉందా అని అడుగుతుంటే అనుమానం అనుకున్నాను. కోరిక అని తెలుసుకోలేకపోయాను. ఇక్కడ చేప వండరు. రేపు ఉదయం కేబుల్ కారులో దిగి ఒసాకా వెళితే మధ్యాహ్నం భోజనంలో తప్పకుండా దొరుకుతుంది.’’